ఆ రిపోర్టర్‌ను గ్రూపులోంచి తీసేయొద్దు

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ కదా: పాలమూరు వైపు ఒక క్రీడా సంఘానికి నిన్ను కొత్తగా మీడియా ఇన్‌చార్జిని చేశారు, మొదటి ప్రెస్‌మీట్‌కు పద్నాలుగు మందిని పిలిస్తే ముగ్గురొచ్చారు, పై వారం ఒక పేపర్లో 'ఎంపికల్లో అవకతవకలు' అని డబుల్ కాలమ్ వార్త పడింది, ఇప్పుడు మీ అధ్యక్షుడు ఆ రాసినాయన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేయమంటున్నాడు, వచ్చే నెల అంతర్ జిల్లా పోటీలు నెత్తి మీదున్నాయి, ఏం చేయాలి అని.

ముందు ఆ గ్రూపు సంగతి చెప్తా, ఎందుకంటే మిగతావి రెండు రోజులు ఆగినా ఏం కాదు, ఇది మాత్రం ఈ రాత్రికే చేసేస్తారు. తీసేయొద్దు. మీ అధ్యక్షుడు పెద్దాయన, నువ్వు ఎదురు చెప్పలేవు, అది నాకూ తెలుసు. 'సార్, తీసేస్తే రేపు అదే వార్త అవుతుంది' అని ఒక్క మాట అను, చాలామటుకు అక్కడే ఆగిపోతారు. నిజంగానే అవుతుంది కూడా. గ్రూపులోంచి పోయినాయన రాయడం ఆపడు, రాసే ముందు నిన్ను అడగడం ఒక్కటే ఆపేస్తాడు.

నేనెవరో కొంచెం చెప్తే నమ్మకం కుదురుతుంది. నల్లగొండలో పదకొండేళ్లు స్ట్రింగర్‌గా, అంటే జీతం లేకుండా పడిన వార్తకు ఇంత అని తీసుకునే రిపోర్టర్‌గా చేశా, తర్వాత ఇటువైపు వచ్చి ఒక సంఘం ప్రెస్ పనులు చూస్తున్నా, ఇదీ పన్నెండేళ్లు దాటింది. ఏ పేపరో, ఏ ఆటో చెప్పను, చెబితే క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగే వాళ్లందరికీ మనుషులెవరో తెలిసిపోతుంది.

ఇటు వచ్చిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు వినిపిస్తా. జిల్లా జట్టు ఎంపికలయ్యాయి, పన్నెండు మంది జాబితా ఇచ్చాం. మర్నాడు పొద్దున ఒక రిపోర్టర్ ఫోన్ చేసి 'అన్నా, ఎంపికలకే రాని పిల్లగాడి పేరు జాబితాలో ఉందట' అన్నాడు. మా కార్యదర్శికి ఫోన్ కొట్టా, ఆయన 'అట్లాంటిదేం లేదు, కావాలని పుట్టిస్తున్నారు' అన్నాడు, నేను అదే మాట ఇటు తిప్పి చెప్పేశా. హాజరు పట్టిక తెప్పించుకుని చూడటానికి పది నిమిషాలు పట్టేది. చూడలేదు. సాయంత్రం ఆ రిపోర్టరే ఆ పట్టిక ఫోటో నాకు పంపించాడు, అందులో ఆ పిల్లగాడి పేరు లేదు. వార్త వచ్చింది, అందులో నా ఖండన వచ్చింది, దాని పక్కనే పట్టిక ఫోటో కూడా వచ్చింది. పిల్లగాడిని మార్చాం, ఆ గొడవ వారంలో జనం మరిచిపోయారు. రిపోర్టర్లు మాత్రం మరిచిపోలేదు. దాదాపు రెండేళ్లు నేనేం చెప్పినా ఇంకో చోట అడిగి ఖాయం చేసుకుని గానీ రాయలేదు, మనవాళ్లకు మెడల్ వచ్చిందని చెప్పినా అంతే.

అప్పటి నుంచి నా నోట్లోంచి 'అట్లాంటిదేం లేదు' అనే మాట రాదు. 'చూసి గంటలో చెప్తా' అంటా, గంటలో చెప్తా. ఇంకా తేలకపోతే 'ఇంకా తేలలేదు, ఆరింటికి మళ్లీ చేస్తా' అని చెప్పడానికైనా ఫోన్ చేస్తా. గంటలో చెప్తానని ఫోన్ ఎత్తకుండా పడుకునేవాళ్లను స్ట్రింగర్‌గా ఎంతమందిని చూశానో లెక్కలేదు, వాళ్ల గురించి 'వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు' అని రాసేవాణ్ణి, చదివేవాళ్లకు దాని అర్థం దొరికిపోయాడనే.

మీ సంగతికొస్తే, ఆ డబుల్ కాలమ్ ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం దగ్గర పెన్సిల్‌తో రాయి, ఇది నిజం, ఇది అబద్ధం, ఇది సగం అని. నీ ఒక్కడివల్ల కాదు, ఎంపికలు చేసిన పీఈటీలను, అదే బడుల్లో ఆటల సార్లను కూర్చోబెట్టు, కాగితాలు ముందు పెట్టు. ఆ తర్వాత రిపోర్టర్‌కే ఫోన్ చెయ్. వాళ్ల బ్యూరోకు కాదు, హైదరాబాద్‌లో తెలిసిన ఎడిటర్‌కు అసలే కాదు. పైవాళ్లతో చెప్పించడం మన దగ్గర అందరికీ అలవాటు, దానివల్ల ఒక వార్త ఆగొచ్చు, ఆ మనిషి మాత్రం జీవితకాలం గుర్తుపెట్టుకుంటాడు. 'నీకెవరు చెప్పారు' అని అడగొద్దు, చెప్పడు, చెప్పకూడదు కూడా. తప్పు రాసిన వాక్యం ఏదో, దానికి నీ దగ్గరున్న కాగితం ఏదో, అంతవరకే మాట్లాడు. సవరణ కావాలంటే లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసి ఎడిటర్ పేరున పంపి, కాపీ రిపోర్టర్‌కు ఇవ్వు. అది వేయలేదు, విషయం నిజంగా పెద్దది అనుకుంటే ప్రెస్ కౌన్సిల్ ఉంది, దినపత్రిక అయితే వార్త వచ్చిన 2 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, ముందు ఎడిటర్‌కు రాసి ఉండాలి, టీవీ చానళ్లు దాని కిందికి రావు. నేనైతే ఇన్నేళ్లలో ఒక్కసారీ అంతదూరం పోలేదు. వార్తలో ఉన్నది నిజమే అయితే ఏం సరిచేశారో, ఎప్పటిలోగా చేస్తారో చెప్పు. అంతకుమించి బతిమాలొద్దు, బెదిరించొద్దు.

అసలు ఎంపికల గొడవ సగం ముందే తప్పించొచ్చు. ఎంపిక ఎవరు చేస్తారు, ఏ తేదీ నాటికి ఎంత వయసుండాలి, ఏ సర్టిఫికెట్ తేవాలి, ఎంతమందిని తీసుకుంటారు, ఇవన్నీ ఎంపికలకు వారం ముందే రాసి అందరికీ పంపేస్తే, ఆ తర్వాత ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. మా దగ్గర వయసు సర్టిఫికెట్ల మీదే ఎక్కువ కొట్లాటలు. పిల్లగాడికి మీసాలొచ్చాయి, సర్టిఫికెట్లో పద్నాలుగు. రిపోర్టర్ అడగకపోతే ఓడిపోయిన జట్టు కోచ్ అడుగుతాడు.

ఇక ముగ్గురే ఎందుకొచ్చారు అనేది. కోపం తెచ్చుకోకు, నువ్వు పెట్టిన టైం సాయంత్రం ఆరున్నర. జిల్లా పేజీలు ఆ టైంకు కట్టేస్తుంటారు. అతిథి ఎనిమిదింటికి వచ్చి ఉంటాడు, శాలువాలు అయ్యేసరికి ఎనిమిదిన్నర, ఇంక ఎవరు రాస్తారు, ఎక్కడ పడుతుంది? స్ట్రింగర్‌గా నేను ఇట్లాంటివాటికి పోయి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, ప్రెస్ నోట్ తీసుకుని బయటపడ్డ రోజులున్నాయి. పొద్దున పదకొండు, లేదా పదకొండున్నర, అంతే. సోమవారం వద్దు, కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, అందరూ అక్కడే ఉంటారు. మంత్రి పర్యటన ఉన్న రోజు వద్దు. ఆ రోజు ఊళ్లో ఏముందో డీపీఆర్‌ఓ (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసుకు ఒక ఫోన్ చేసి కనుక్కుంటే తెలిసిపోతుంది, మనవాళ్లు ఆ ఒక్క ఫోన్ ఎందుకో చేయరు. చెప్పిన టైంకు మొదలుపెట్టు, అతిథి రాకపోయినా మొదలుపెట్టు. రెండుసార్లు అట్లా చేస్తే మూడోసారి అతిథే టైంకొస్తాడు.

ఇంకొకటి, పోస్టర్ ఆవిష్కరణకు ప్రెస్‌మీట్ అక్కర్లేదు. ఫోటో, ఆరు లైన్లు పంపిస్తే సింగిల్ కాలమ్ వస్తుంది, దానికి అంతే విలువ. ప్రెస్‌మీట్ ఎప్పుడు పెట్టాలంటే వాళ్లు ప్రశ్నలడగాల్సిన విషయం ఉన్నప్పుడు. పోటీల షెడ్యూల్, వచ్చే జట్లు, పిల్లలెక్కడ ఉంటారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, ట్రాఫిక్ ఎట్లా, ఇట్లాంటివి. అడగడానికేమీ లేకపోతే పిలవొద్దు. చాయ్ తాగి పోవడానికి పెట్రోల్ పోసుకుని రారు. అవతలి మనిషి బతుకు కూడా కొంచెం తెలుసుకో, మండలాల్లో రాసేవాళ్లలో చాలామందికి జీతం ఉండదు, పడిన వార్తకు లైన్ అకౌంట్ కింద, అంటే లైన్ల లెక్కన ఎంతో కొంత వస్తుంది, దానికి తోడు యాడ్స్ టార్గెట్లు. ఆగస్టు 15, దసరా, జనవరి 26 వచ్చాయంటే నీ దగ్గరికీ వస్తారు. యాడ్ ఇవ్వగలిగితే కమిటీలో తీర్మానం చేసి ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పండి. 'యాడ్ ఇస్తాం, ఆ వార్త చూసుకో' అనే మాట ఒక్కసారి నోరు జారినా ఇంక దానికి అంతుండదు.

రిపోర్టర్లకు డబ్బు పెట్టి ఇచ్చే కవర్ల గురించి నువ్వు అడగలేదు గానీ మీ కోశాధికారి అడుగుతాడు. వద్దు. ఇప్పుడు ఐదొందలు పెట్టి మొదలుపెడితే వచ్చే ఏడాది పెట్టనందుకు వార్త రాదు, పెట్టినవాడికీ పెట్టనివాడికీ మధ్య గొడవ, తీసుకోని రిపోర్టర్లు మిమ్మల్ని చూసే చూపు వేరే. పిల్లలకు పెట్టే భోజనమే వాళ్లకూ పెట్టు, అదే బంతిలో. ఇందులో ఇంకో లాభముంది, ప్రెస్‌వాళ్లు కూడా తింటారంటే పప్పు నీళ్లనీళ్లగా ఉండదు.

ప్రెస్ నోట్ దగ్గర కొంచెం ఆగాలి, పని నిజంగా నడిచేది ఇక్కడే. నీ మొన్నటి నోట్ చూశాను. మొదటి పేరాలో గౌరవనీయులు ఎనిమిది మంది, రెండో పేరాలో 'క్రీడలు మానసికోల్లాసానికి, శారీరక దృఢత్వానికి దోహదపడతాయి', చివర్లో 'ఈ అవకాశాన్ని క్రీడాకారులు సద్వినియోగం చేసుకోవాలని కోరారు'. ఈ రెండు వాక్యాలు నేను స్ట్రింగర్‌గా ఎన్నిసార్లు రాశానో దేవుడికే తెలియాలి, డెస్క్‌లో సబ్ ఎడిటర్లు చూడకుండానే కొట్టేస్తారు. ముప్పై నాలుగు పేర్లున్న నోట్ ఒకసారి నాకే వచ్చింది, అందులో ఆడే పిల్ల పేరు ఒక్కటీ లేదు. మొదటి లైన్లో ఏం జరిగిందో ఉండాలి, ఎవరు గెలిచారు, ఎంత తేడాతో, ఎక్కడ. కబడ్డీ అనుకో, 'ఫైనల్లో ఫలానా జట్టు 28-21తో గెలిచింది' అంటే సరిపోదు, విరామానికి ఎంత, రైడ్లలో ఎక్కువ పాయింట్లు ఎవరివి, ఆలౌట్ ఏ నిమిషంలో పడింది, ఇవి రాస్తే అవతలివాడు మ్యాచ్ చూడకపోయినా వార్త రాయగలడు. స్కోర్ టేబుల్ దగ్గర కూర్చునే పిల్లగాడికి ఈ పని అప్పజెప్పు, ప్రతి మ్యాచ్ అయిపోగానే ఐదు లైన్లు నీకు పంపాలి. ఆడే పిల్లల పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం, బడి, ఇవన్నీ జట్టు రిజిస్ట్రేషన్ అప్పుడే తెలుగులో రాయించుకో. ఇంగ్లిష్‌లో ఉన్న పేరు చూసి తెలుగులో రాస్తే స్వాతి శ్వేత అవుతుంది, మర్నాడు వాళ్ల నాన్న ఫోన్ చేసి అడిగితే నీ దగ్గర జవాబుండదు.

మండలం ఎందుకంటే, మన దగ్గర ఆటలు ఇంకా చాలావరకు ఉమ్మడి జిల్లా లెక్కన నడుస్తున్నాయి, పేపర్లు మాత్రం ఆ లెక్కన నడవడం లేదు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక ఉమ్మడి నల్లగొండ అంటే నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మీ పాలమూరు అయితే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, 2019లో నారాయణపేట కలిసి ఐదు, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది, కొడంగల్ వికారాబాద్‌లోకి. నువ్వు ఒకే నోట్ అందరికీ పంపితే మహబూబ్‌నగర్‌లో పడుతుంది, గద్వాలలో చెత్తబుట్టలోకి పోతుంది. అదే ఐదు నోట్లు చెయ్, కింద విషయమంతా ఒకటే, మొదటి రెండు లైన్లు మాత్రం వేరు: అచ్చంపేట అమ్మాయికి బెస్ట్ రైడర్ అయితే నాగర్‌కర్నూల్‌కు పంపేదానిలో ఆమె పేరే మొదటి మాట. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నా. నేర్చుకున్నాక దేవరకొండ తండా పిల్ల ఒకతె ఫోటో మూడు కాలమ్‌లలో వచ్చింది, అంతకుముందు ఆరేళ్లు అదే పోటీ ఒక్క కాలమ్ దాటలేదు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ చేసి పంపుతున్నావు చూడు, అది మానేయ్. అందులోంచి కాపీ చేస్తే చెత్త అక్షరాలొస్తాయి, రిపోర్టర్ మొత్తం మళ్లీ కొట్టుకోవాలి. రాత్రి ఏడింటికి పది వార్తలున్నవాడు నీది ఎందుకు కొడతాడు? ఫోన్లోనే యూనికోడ్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా పెట్టు. లెటర్‌హెడ్ కావాలంటే ఫోటో తీసి దాని కింద పెట్టు. మ్యాచ్ ఫలితాలు సాయంత్రం ఐదున్నరలోపు ఒకసారి, ఫైనల్స్ ఆలస్యమైతే అప్పటిదాకా అయినవి పంపి 'ఫైనల్ ఏడింటికి' అని ముందే చెప్పు, స్థలం ఆపుకుంటారు. చెప్పకపోతే ఆపుకోరు.

ఫోటోల గురించి రెండే మాటలు. అతిథి కప్పు పట్టుకున్న ఫోటో ఒకటి పంపు, తప్పదు, దానితోపాటు ఆట నడుస్తుండగా తీసినవి మూడు పంపు, అడ్డంగా తీసినవి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా, లేకపోతే నాణ్యత పోతుంది. కింద 'ఎడమ నుంచి' అని పేర్లు.

ప్రెస్‌మీట్ రోజు టేబుల్ దగ్గర ఇద్దరే కూర్చోవాలి, ఒకరు మాట్లాడాలి. మన దగ్గర పదకొండు మంది కూర్చుంటారు, వెనక ఇంకో ఇరవై మంది నిలబడతారు, కెమెరా వాడికి ఎవరి ముఖం తీయాలో తెలియదు. పెద్దలందర్నీ ముందు వరుసలో కూర్చోబెట్టి పేరుపేరునా పలకరించు, కోపం రాదు. ముందు రోజు రాత్రి మాట్లాడే మనిషితో కూర్చుని, రిపోర్టర్లు అడగబోయే చెత్త ప్రశ్నలన్నీ నువ్వే అడుగు. డబ్బు ఎక్కడిది? ఎంపికల్లో ఆ పేరేంటి? పోయినసారి పిల్లలను స్కూల్ వరండాలో పడుకోబెట్టారట? మా అధ్యక్షుడు మొదటిసారి నామీద లేచాడు, 'నువ్వు మనవాడివా, వాళ్లవాడివా' అని. మర్నాడు అవే ప్రశ్నలు వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ తర్వాత ఆయనే పిలిచి అడిగించుకునేవాడు. తెలియని ప్రశ్న వస్తే 'ఆ లెక్క నా దగ్గర లేదు, సాయంత్రం పంపిస్తా' అనడం నేర్పించు. కోపం వచ్చే మనిషైతే మైకు వేరేవాళ్లకు ఇవ్వడమే మందు. టేబుల్ మీద ఏముందో కూడా ఒకసారి చూసుకో, 2021లో యూరో పోటీలప్పుడు బుడాపెస్ట్ ప్రెస్‌మీట్‌లో రొనాల్డో ముందున్న రెండు కోకాకోలా సీసాలు పక్కకు జరిపి నీళ్ల సీసా ఎత్తి చూపించాడు, ఆటకంటే అదే ఎక్కువ తిరిగింది. మనకు అంత సీన్ లేదు గానీ, ప్రత్యర్థి స్కూల్ ఫ్లెక్సీ ముందు నిలబడి స్పాన్సర్ స్కూల్‌కు కృతజ్ఞతలు చెప్పినాయన్ని నా కళ్లతో చూశా.

టీవీ వాళ్లకు బైట్, అంటే కెమెరా ముందు చెప్పే మాట, ముప్పై సెకన్లు, ముందు వాళ్లది కానిచ్చి పంపించు, పేపర్ వాళ్లు నిదానంగా అడుగుతారు. యూట్యూబ్ చానళ్ల గురించి ప్రతి సంఘంలోనూ గొడవే, ఎవర్ని పిలవాలి, ఎవర్ని వద్దనాలి అని. అక్రిడిటేషన్ (ప్రభుత్వ గుర్తింపు కార్డు) ఉన్నవాళ్లనే పిలుస్తామని ఒకరు, అందర్నీ పిలవాలని ఒకరు. నా పద్ధతి, వచ్చినవాళ్లను వెనక్కి పంపను, పేరు, చానల్, ఫోన్ నంబర్ పుస్తకంలో రాయించుకుంటా. ఏం వేశారో మర్నాడు చూస్తా. లోగో పట్టుకుని డబ్బులడిగేవాడు ఆ పుస్తకం చూడగానే చాలావరకు వెళ్లిపోతాడు.

పిల్లల సంగతి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. మీ పోటీల్లో ఆడేవాళ్లు ఎక్కువమంది పద్దెనిమిది లోపు. నేను ఒకసారి గెలిచిన అమ్మాయికి ఎవరైనా స్పాన్సర్ దొరుకుతారని ఆశపడి నోట్‌లో వాళ్లింటి ఫోన్ నంబర్ వేశా. స్పాన్సర్ ఒక్కడూ రాలేదు, అడ్డమైన ఫోన్లు నెలరోజులు వచ్చాయి, వాళ్లమ్మ సిమ్ మార్చుకుంది. నేను ఆమె ఇంటికెళ్లి క్షమాపణ చెప్పా. అప్పట్నుంచి పిల్లల కోసం వచ్చే ఫోన్లన్నీ నా నంబర్‌కే. ఇంటర్వ్యూ అడిగితే పక్కన కోచ్ గానీ అమ్మానాన్నలు గానీ ఉండాలి. ఓడిన జట్టు కెప్టెన్‌ను ఏడుస్తుండగా మైకు ముందుకు లాగొద్దు, అరగంట ఆగమను, వాళ్లూ ఆగుతారు. నవోమి ఒసాకా 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో ప్రెస్‌మీట్లకు రానంటే 15,000 డాలర్ల జరిమానా వేశారు, ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది. అక్కడ అది టోర్నీ నిబంధన, మన తొమ్మిదో తరగతి పిల్లకు ఏ నిబంధనా లేదు, మాట్లాడనంటే మాట్లాడదు. పేదరికం కథ అంటే రిపోర్టర్లకు ఆశ. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20లో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) కాంస్యం తెస్తే, పరుగు సంగతి కంటే చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎగతాళి చేసిన సంగతే నేను ఎక్కువ చోట్ల చదివా. అది వాళ్లు చెప్పుకున్నదే, చెప్పుకునే హక్కు వాళ్లది. నీ చేతిలో ఉన్న పిల్ల ఇంటి రేకుల షెడ్డు ఫోటో ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆ ఇంటివాళ్లే చెప్పాలి.

దేవుడు చల్లగా చూడాలి గానీ, ఏదైనా లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే అప్పుడు నీ పని వార్త ఇవ్వడం కాదు, వివరాలు బయటికి పోకుండా చూడటం. 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పిల్లల పేరు, అడ్రస్, ఫోటో, కుటుంబం, బడి, చివరికి ఉండే వీధి ఆనవాలు కూడా మీడియాలో రాకూడదు. పెద్ద ఆడవాళ్ల ఫిర్యాదు అయితే, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద తెచ్చిన 2013 చట్టం 16వ సెక్షన్ ఉంది, ఫిర్యాదులో ఏముందో, విచారణలో ఏమైందో బయటపెట్టకూడదు. 'ఫలానా ఊరి జట్టులో ఒక అమ్మాయి' అని నువ్వు రిపోర్టర్ చెవిలో చెప్పినా చెప్పినట్టే.

ఇక ప్రమాదాల సంగతి. 2021 మార్చి 22 సాయంత్రం సూర్యాపేటలో 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలప్పుడు గ్యాలరీ కూలింది, వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ పోటీలతో నాకే సంబంధమూ లేదు, నల్లగొండలో ఇంట్లో ఉన్నా, అయినా తెలిసిన రిపోర్టర్లంతా నాకే ఫోన్లు, 'అన్నా, ఎంతమంది, ఏ ఆసుపత్రి' అని. నాకేం తెలుసు? తెలియదనే చెప్పా. కానీ ఆ రాత్రి కూర్చుని, అదే మా పోటీల్లో అయ్యుంటే నేనేం చేసేవాణ్ణని ఒక కాగితం రాసుకున్నా, ఇప్పటికీ ప్రతి పోటీకి జేబులో పెట్టుకుంటా. మైదానానికి దగ్గరి ఆసుపత్రి నంబర్, అంబులెన్స్ ఎక్కడ ఆగుతుంది, స్టేషన్ ఎస్సై నంబర్, ఒక్కో జట్టు మేనేజర్ నంబర్, తల్లిదండ్రులకు ఎవరు ఫోన్ చేయాలి. మీడియా ఇన్‌చార్జి కాగితంలో తల్లిదండ్రులెందుకంటావా, పిల్లగాడు పడిపోయాడని వాళ్లకు టీవీ స్క్రోలింగ్‌లో తెలియకూడదు కాబట్టి. మా దగ్గర ఒక వేసవి పోటీలో ఎండకు ఒక పిల్లవాడు కోర్టులోనే పడిపోయాడు, ఆసుపత్రికి చేరేలోపే చనిపోయాడని గ్రూపుల్లో పెట్టేశారు. ముందు వాళ్ల నాన్నకు ఫోన్ చేయించి, తర్వాత మూడు లైన్లు పంపా: ఇంత టైంకు పడిపోయాడు, ఫలానా ఆసుపత్రిలో ఉన్నాడు, డాక్టర్ చెప్పాక ఏడింటికి మళ్లీ చెప్తా. ఏడింటికి చెప్పా, సెలైన్ ఎక్కుతోంది, మాట్లాడుతున్నాడని. ఎందుకు పడ్డాడు, ఎవరి తప్పు, ఇవేవీ ఆ రోజు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాల్సి వచ్చింది, మధ్యాహ్నం రెండింటికి మ్యాచ్ పెట్టింది మేమే కదా, అది ఒప్పుకుని టైం మార్చాం.

2024 ఆగస్టు 7న పారిస్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల ఫైనల్ ముందు 100 గ్రాముల తేడాతో అనర్హత పడినప్పుడు మన ఒలింపిక్ సంఘం ఇచ్చిన మొదటి ప్రకటన గుర్తు తెచ్చుకో. దేశమంతా ఊగిపోతున్న వార్తను నాలుగైదు వాక్యాల్లో చెప్పారు: అనర్హత పడింది, రాత్రంతా ప్రయత్నించినా పొద్దున బరువు కొన్ని గ్రాములు ఎక్కువొచ్చింది, ఇప్పటికి ఇంతే చెప్పగలం, ఆమెను కాసేపు వదిలేయండి. తర్వాతి రోజుల్లో ఎన్ని గొడవలు నడిచినా, ఆ మొదటి ప్రకటనలో ఒక్క మాట వెనక్కి తీసుకోవాల్సిన పని పడలేదు. నువ్వు రాసే మూడు లైన్లు కూడా అట్లా ఉన్నాయా అని పంపే ముందు ఒక్కసారి చూసుకో.

నీ టోర్నీకి ఇంకా నెల ఉంది. ఈ వారంలో ఐదు జిల్లాల రిపోర్టర్ల నంబర్లు మండలాలవారీగా రాసుకో, జట్ల రిజిస్ట్రేషన్ ఫారంలో తెలుగు పేరు గడి పెట్టించు, స్కోర్ టేబుల్ పిల్లగాణ్ణి ఖాయం చెయ్. ప్రెస్‌మీట్ పోటీలకు మూడు రోజుల ముందు, పదకొండింటికి. వాటన్నిటికంటే ముందు రేపు పొద్దున పదింటిలోపు ఆ అవకతవకలు రాసినాయనకు ఫోన్ చెయ్, మధ్యాహ్నమైతే ఫీల్డ్‌లో ఉంటాడు, ఎత్తడు. 'మీ వార్త చదివా, హాజరు పట్టిక తెప్పిస్తున్నా, సాయంత్రం నాలుగింటికి మీకే ముందు పంపిస్తా' అను. నాలుగింటికి పట్టిక రాకపోయినా ఫోన్ చెయ్.